రెండుంటే అరుదు కాదు

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల ప్రజలు ఒక అరుదైన ప్యాసింజరు డీజిల్ ఇంజనును భావితరాల కోసం విజయవంతంగా కాపాడుకున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ ఇంజను ఇప్పుడు లేదు. కాపాడటానికీ, ఉండటానికీ ఏదో సంబంధం ఉందని అపోహపడే పాఠకుల కోసమే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను ఏలూరులో ముప్ఫై నాలుగేళ్లుగా బల్ల వేసుకుని కూర్చున్న దస్తావేజు లేఖరిని. చెరువుల లీజులు, అన్నదమ్ముల పంపకాలు, సరిహద్దు తగాదాల అర్జీలు, ఏదైనా సరే, నేను రాసిన కాగితం అభ్యంతరంతో వెనక్కి వచ్చిన దాఖలా లేదు. ఈ ఒక్క గుణం చూసే నన్ను ‘ఏలూరు అపురూప ఇంజను పరిరక్షణ సంఘా’నికి కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఇంజన్ల గురించి నాకేం తెలుసని అడక్కండి. సంఘంలో ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే ఎన్నిక ఏకగ్రీవమైంది.

తెలిసినాయన ఊళ్లో ఒక్కరే ఉన్నారు. ఇక్బాల్ గారని, రిటైరైన డీజిల్ ఫిట్టరు. ఆయన మా సంఘంలో సభ్యుడు కాదు. సభ్యత్వ ఫారంలో ‘ఇంజనుతో గల సంబంధం’ అన్న గడి దగ్గర మేమందరం ‘అభిమానం’ అని రాస్తే, ఆయన ‘ఇరవై తొమ్మిదేళ్లు రిపేరు చేశాను’ అని రాశారు. అది ఉద్యోగం కిందికి వస్తుంది గానీ సేవ కిందికి రాదని మా అధ్యక్షుల వారు తీర్పు చెప్పారు. ఇక్బాల్ గారు చాలా మర్యాదస్తులు. “మరేనండీ, జీతం తీసుకున్నాను కదండీ” అని ఒప్పేసుకున్నారు.

ఇక ఇంజను చరిత్ర. దీని క్లాసు నంబరు మాత్రం చెప్పను. చెబితే రైళ్ల పిచ్చి ఉన్న పాఠకులు తప్పులు పడుతూ ఉత్తరాలు రాస్తారు, వాటికి జవాబులు రాసే ఓపిక నాకు లేదు. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, డి అంటే డీజిలు, పి అంటే ప్యాసింజరు, ఆపైన ఒక అంకె. అంతవరకు చాలు. ఒకానొక కాలంలో ఒకే రకం డీజిల్ ఇంజను బొగ్గు గూడ్సునీ లాగేది, పెళ్లివారు కూర్చున్న ప్యాసింజరునీ లాగేది. ప్యాసింజరు కోసం వేరే ఇంజను కావాలి, తేలిగ్గా ఉండాలి, చప్పున వేగం అందుకోవాలి అని ఎక్కడో ఒక పెద్దాయనకు తోచింది. ఆరు ఇరుసుల బదులు నాలుగే పెట్టారు. పన్నెండు సిలిండర్లు, రెండువేల మూడొందల గుర్రాల బలం. మెత్తటి రేగడి మీద, కాలవ వంతెనల మీద బరువు పడకుండా పరుగెత్తాలని ఉద్దేశం.

పదకొండు ఇంజన్లు తయారయ్యాక స్పేరు పార్టులు దొరకడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. పదకొండింటి కోసం స్పేరు పార్టులు చేస్తూ కూర్చోలేమని కార్ఖానా వారు అన్నారు. స్పేరు పార్టులే లేని ఇంజను ఇంకోటి చెయ్యడం దేనికని పై వారు అన్నారు. దాంతో పన్నెండోది పుట్టలేదు. మన దేశంలో ఒక వస్తువు అరుదైనది కావడానికి అనుసరించే పద్ధతి ఇదే.

దీని నిర్మాణంలో ఒక తమాషా ఉంది. డీజిల్ యంత్రం నేరుగా చక్రాలను తిప్పదు. అది పైన కూర్చుని కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు కిందికి దిగి, ఇరుసులను అంటిపెట్టుకుని ఉన్న మోటార్లను తిప్పుతుంది. ఆ మోటార్లు చక్రాలను తిప్పుతాయి. చప్పుడంతా పైదానిది, బండి లాగేది కిందవి. ఇక్బాల్ గారు ఈ సంగతి వివరించినప్పుడు మా సభ్యులందరికీ ఇట్టే అర్థమైపోయింది. మా సంఘం కూడా అదే పద్ధతిలో నడుస్తోంది.

మా అధ్యక్షులు బుల్లిరాజు గారికి కలిదిండి వైపు నూట ఇరవై ఎకరాల చెరువులున్నాయి. ఏ ఇంజను కనిపించినా, రొయ్యలకు గాలి ఆడించే ఏరియేటర్లు అది ఎన్ని తిప్పగలదో లెక్కవేయడం ఆయన అలవాటు. మా ఇంజనును మొదటిసారి చూడగానే ఆయన వేళ్లు మడిచి లెక్కవేశారు. “రెండువేల మూడొందల హెచ్‌పీ అంటే వెయ్యి ఏరియేటర్లు పైమాటేనండీ బాబూ! చక్రాలు పెట్టి పాడుచేశారు కదండీ!” అని బాధపడ్డారు. ఆ బాధలోంచే ఆయనకు చరిత్ర మీద మక్కువ పుట్టింది.

నిజానికి ఏలూరూ, తాడేపల్లిగూడెమూ ఒకే జిల్లాలో ఉన్నంతకాలం ఆ ఇంజన్ల మొహం చూసినవాడు లేడు. పదకొండులో తొమ్మిది ఎక్కడెక్కడో తుక్కు కిందికి పోయాయి. ఒకటి ఏలూరు శివార్లలో పాడుబడ్డ సైడింగు పట్టాల మీదా, మరొకటి గూడెంలో ఒకప్పుడు బియ్యం బస్తాలెక్కించిన పాత లైను చివరనా నిలబడిపోయాయి. మా దాని మీద కొల్లేటి నీటికాకులు వాలేవి, వాళ్ల దాని మీద పావురాలు. తర్వాత జిల్లాలు విడిపోయాయి. ఆఫీసులు, కుర్చీలు, బీరువాలు అన్నీ పంచుకోవడం అయ్యాక, మా జిల్లాకంటూ ఒక వారసత్వ సంపద ఉండాలన్న ఆత్మగౌరవం మాలో పెల్లుబికింది. వారం తిరక్కుండా గూడెంలోనూ పెల్లుబికింది. వాళ్ల సంఘానికి అధ్యక్షురాలు జ్ఞానప్రసూనాంబ గారు. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్, మైకు లేకుండానే మూడు వీధులకు వినిపించే కంఠం.

పాత యంత్రాల బాగోగులు చూసే పై ఆఫీసు ఒకటుంది. దాని పేరు రాయడం మర్యాద కాదు. అక్కడి నుంచి నెల్సన్ గారనే ఆఫీసరు ఫిబ్రవరిలో వచ్చి రెండు ఇంజన్లనూ చూశారు. రెండు ఊళ్లలోనూ కాజాలు తిన్నారు. పోతూ పోతూ ఒక కాగితం చదివి వినిపించారు. నిబంధన ఏడు ప్రకారం, ఒక నమూనాలో ఒకే ఒక్క ఇంజను మిగిలియున్నచో అది అరుదైనదిగా పరిగణింపబడును. ఒకటికి మించి ఉన్నచో అన్నియు సాధారణ తుక్కుగా పరిగణింపబడును.

“మార్చి ముప్ఫై ఒకటి లోపల తేల్చుకోండి. తేలకపోతే రెండూ కోతకు వెళ్లిపోతాయండీ. ఆపైన నా చేతుల్లో ఏమీ లేదు” అన్నారు. చెయ్యి తుడుచుకుని జీపెక్కారు.

మర్నాడు పొద్దున్నే ఇక్బాల్ గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ ఇంజను తాలూకు ప్రతి నట్టూ, ప్రతి గొట్టమూ పెన్సిలుతో గీసి ఉన్నాయి.

“రైటరు గారూ, రెండున్నందుకే కదండీ ఇబ్బంది? ఒకటి చేసేద్దామండీ.”

“అంటే ఏవిటండీ?”

“మన దానికి పైభాగం నిక్షేపంలా ఉందండీ. యంత్రం ఇవాళ తిప్పినా తిరుగుతుంది. కానీ తమ్మిలేరు పొంగినప్పుడు కింద మోటార్లు వారం రోజులు నీళ్లలో నానిపోయాయండీ, అవి ఇక పనికిరావు. గూడెం దానికి కింద మోటార్లు నాలుగూ బంగారంలా ఉన్నాయి, పైన క్రాంకు షాఫ్టు చిట్లిపోయింది. మన పైభాగం ఎత్తి వాళ్ల చక్రాల మీద దింపేస్తే సరిపోద్దండీ. ఒక్క క్రేను, నాలుగు రోజుల పని. ఒకటే ఇంజను మిగులుతుంది, అది కూడా నడిచే ఇంజను.”

ఇంత తేలికైన ఉపాయం విని నాకు అనుమానం వచ్చింది. “ఇందులో మీకేం కావాలండీ?” అని అడిగాను.

ఆయన కాసేపు కాగితం మడతలు సరిచేసుకున్నారు. “పెళ్లైన కొత్తలో షమీముకి మాటిచ్చానండీ, ఓసారి ఇంజన్లో పక్కన కూచోబెట్టుకుని గూడెం దాకా తీసికెళతానని. ఫిట్టర్లం కదండీ, దాని కిందే బతికాం గానీ ఎక్కి ఊరేగింది లేదు. మ్యూజియం బండి అయితే ప్రారంభం రోజున ఎక్కనిస్తారేమోనని.” ఆ మాట చెబుతూ ఆ పెద్దమనిషి సిగ్గుపడ్డారు.

నాకు ముచ్చటేసింది. అక్కడికక్కడే ఉమ్మడి అర్జీ ఒకటి రాసేశాను. నా వృత్తిలో అంత అందమైన కాగితం మరొకటి లేదని ఇప్పటికీ చెప్పగలను. రెండు సంఘాల అధ్యక్షుల సంతకాలు పడితే చాలు.

సంతకాల కోసం రెండు సంఘాలూ మధ్యలో ఉన్న భీమడోలులో ఒక కల్యాణ మండపంలో సమావేశమయ్యాయి. వేరే హాలు దొరకలేదు. మండపంలో ఎదురెదురుగా రెండు తివాచీలు, గంధం గిన్నె, పన్నీరు బుడ్డి ఉండటం వల్ల ఎవరూ చెప్పకుండానే ఒక తివాచీ మీద మేమూ, రెండో దాని మీద వాళ్లూ సర్దుకున్నాం. మన వైపు మనుషులు అలా ఎదురెదురుగా కూర్చున్నాక మాట్లాడేది ఒకే భాష. ఫలహారాలయ్యాక బుల్లిరాజు గారు గొంతు సవరించుకున్నారు.

“అమ్మా, మీ చక్రాలు మా ఊరు పంపించండి. మా ఇంటి మనిషిలా, కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటామండీ. ఆయ్.”

జ్ఞానప్రసూనాంబ గారు చెంగు సర్దుకున్నారు. “ఎంత మాటండీ, మీ మర్యాద మాకు తెలియదా! కానీ మేం పంపిస్తే మేం పిల్లనిచ్చుకున్నవాళ్లం అయిపోతామండీ. రేపు ప్రతి పండక్కీ మేమే తలొంచుకు రావాలి. మీ పైభాగాన్నే మా గూడెం పంపించండి.”

“ఇల్లరికమా అండీ?” అని మా తివాచీ మొత్తం ఒక్కసారి లేచింది.

ఇక్బాల్ గారు తలుపు దగ్గర నిలబడి, “ఏవండీ, అది ఇనుమండీ. దానికి అత్తారిల్లూ పుట్టిల్లూ లేవండీ” అన్నారు. ఆయన ఏ తివాచీ మీదా లేరు కనుక ఆ అభిప్రాయం మినిట్సులోకి ఎక్కలేదు.

ఆపైన చర్చ సాంకేతిక విషయాల్లోకి వెళ్లింది. కలిసిన ఇంజనులో పైభాగం ఏలూరిదైతే, గూడెం ఎప్పటికీ ఏలూరు కింద ఉన్నట్టు కదా అని వాళ్లలో ఒకాయన లేవనెత్తారు. బండి లాగేది కిందిది కనుక, గూడెం లాగితే ఏలూరు కూర్చుని తిన్నట్టు కదా అని మాలో ఒకాయన మా మీదే లేవనెత్తి, తర్వాత నాలుక్కరుచుకున్నారు. చివరికి ఉమ్మడి అర్జీ మీద ముందు సంతకం ఎవరిదన్న దగ్గర సభ ఆగింది. బుల్లిరాజు గారు “ఆడవారు, మీరు ముందండీ” అన్నారు. “పెద్దవారు, మీరే ముందండీ” అన్నారావిడ. మర్యాదకు ముందు పెట్టినవాళ్లు గరజు పడి అవసరం బయటపెట్టుకున్నట్టు అవుతుందని ఇద్దరికీ తెలుసు. గంటంపావు సేపు ఒకరినొకరు గౌరవించుకున్నారు. కాగితం మాత్రం తెల్లగానే మిగిలింది. ఇంటికి బయల్దేరేటప్పుడు కూడా ఎవరి కారు ముందు కదలాలో తేలక మరో నలభై నిమిషాలు పట్టింది.

మూడో రోజున బుల్లిరాజు గారు నా బల్ల దగ్గరికి స్వయంగా వచ్చారు. నిబంధన ఏడు ఆయన బాగా చదివారు. ఒకటే మిగలాలి గనుక, గూడెం ఇంజను ఎందుకూ పనికిరాదని, దాన్ని తక్షణం తుక్కు చేయాలని ఒక అర్జీ రాయమన్నారు. సాంకేతిక వివరాలు కావలసి వచ్చి ఇక్బాల్ గారికి కబురు పెట్టాను. క్రాంకు షాఫ్టు ఎక్కడ చిట్లింది, ఎంత పొడవున చిట్లింది, అది అతికించడం ఎందుకు కుదరదు, అన్నీ ఆయన ఓపిగ్గా చెప్పారు. ఉమ్మడి అర్జీకే అనుకున్నారు పాపం. నేను అనుకోవద్దని చెప్పలేదు.

ఆ మర్నాడు జ్ఞానప్రసూనాంబ గారు కారులో దిగారు. కాగితం వెనక్కి రాకుండా రాసేవాడు రెండు జిల్లాల్లోనూ నేనొక్కడినేనట. ఏలూరు ఇంజనును తక్షణం తుక్కు చేయాలని అర్జీ కావాలన్నారు. ఇదేం బుద్ధి, ఒకే చేత్తో రెండు వైపులా రాస్తావా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. అన్నదమ్ములిద్దరికీ ఒకే డాక్టరు మందివ్వడం లేదా? మళ్లీ ఇక్బాల్ గారిని పిలిపించాను. నానిపోయిన మోటార్ల సంగతి ఒక్కొక్కటే రాయించుకున్నాను. “ఇవన్నీ అడుగుతున్నారంటే పని జరిగేలా ఉందండీ” అని ఆయన సంతోషంగా టీ తెప్పించారు. నేను తాగాను.

రెండు అర్జీలకూ సమానమైన శ్రద్ధ తీసుకున్నానని మనవి చేస్తున్నాను. ఒక్క కామా కూడా ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ లేదు.

పై ఆఫీసు వారు ఎంత వేగంగా స్పందించారో చెబితే మీరు నమ్మరు. ఇరవై ఎనిమిదో తేదీన రెండు ఉత్తర్వులూ ఒకే కవరులో వచ్చాయి. ‘ప్రజల కోరికను మన్నించి’ గూడెం ఇంజనూ, ‘ప్రజల కోరికను మన్నించి’ ఏలూరు ఇంజనూ తుక్కు చేయడానికి అనుమతిస్తూ సంతకం. నా వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు. మేమేమీ చెయ్యకపోయినా ఇదే జరిగేది కదా అని కొందరు గిట్టనివాళ్లు అంటున్నారు. తప్పు. మేమేమీ చెయ్యకపోతే మూడు రోజులు ఆలస్యమయ్యేది.

గ్యాస్ కట్టర్ల వాళ్లు మొదట ఏలూరు వచ్చారు. వాళ్లకన్నా ముందే సైడింగులో ఇక్బాల్ గారు ఉన్నారు. ఆయన పక్కన షమీమ్ గారు, బురఖా మీద ఎండకు కొంగులా తువ్వాలు కప్పుకుని. చేపల లారీల డ్రైవర్లను బతిమాలి ఆరు బ్యాటరీలు తెచ్చి వరసగా కలిపి పెట్టుకున్నారాయన. కాంట్రాక్టరు మనిషి దగ్గరికి వెళ్లి, “ఓ పావుగంట ఆగుతారా అండీ?” అని అడిగారు. అతనెవరో పొరుగూరివాడు. సరేనన్నాడు.

షమీమ్ గారిని చెయ్యి పట్టి పైకెక్కించి, డ్రైవరు పక్క సీటు తుడిచి కూర్చోబెట్టారు. తర్వాత ఆయన లోపలికెళ్లి ఏవో రెండు మీటలు నొక్కారు. ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, తిరగడం మొదలెట్టింది. నీటికాకులన్నీ లేచిపోయాయి. కింద కంకర వణికింది. చుట్టూ ఉన్న మా సభ్యులు ఒక అడుగు వెనక్కి వేశారు. “అరే, ఇది నడుస్తుందా అండీ!” అన్నారు బుల్లిరాజు గారు నోరు తెరిచి.

“మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానండీ” అన్నారు ఇక్బాల్ గారు పైనుంచి.

ఇంజను కదల్లేదు. కింద మోటార్లు చచ్చిపోయాయి కదా. ఉన్నచోటే పదకొండు నిమిషాలు తిరిగింది. షమీమ్ గారు మాత్రం బండి పోతున్నట్టే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఓసారి నా వైపు కూడా చూశారు. నేను తల వంచి నిమిషాలు కాగితం మీద రాసుకున్నాను, నిజం చెబుతున్నాను. బుల్లిరాజు గారు కళ్లొత్తుకుని, ఇంత మంచి ఇంజనును పొట్టన పెట్టుకున్నవాళ్లు బాగుపడరని గూడెం వాళ్లను శపించారు. సభ్యులందరూ వీడియోలు తీసుకున్నారు. పన్నెండో నిమిషంలో ఇక్బాల్ గారు ఆపేసి, దిగి, కట్టర్ల వాళ్లకు దారి ఇచ్చారు. ఎక్కడ కోస్తే తేలిగ్గా ఊడుతుందో కూడా ఆయనే చూపించారు, వాళ్లు అడ్డదిడ్డంగా కోస్తుంటే చూడలేక. మర్నాడు గూడెందీ అయిపోయింది.

తగాదా పడటానికి ఏమీ మిగలకపోవడంతో రెండు సంఘాల మధ్యా అన్యోన్యత ఏర్పడింది. రెండు జిల్లాల సరిహద్దులో, హైవే పక్కన ఒక సిమెంటు ఇంజను కట్టాలన్న ఉమ్మడి తీర్మానం మీద ఇద్దరు అధ్యక్షులూ ఒకేసారి, రెండు పెన్నులతో సంతకాలు పెట్టారు. ఉండి ఊరి నుంచి వచ్చిన మేస్త్రి దగ్గర ఆరు జతల చక్రాలకు అచ్చు ఉందట, ఆరూ పోశాడు. డీజిల్ ఇంజనుకు పొగగొట్టం ఇంత పొడవు ఉండదని ఇక్బాల్ గారు చెప్పారు గానీ, గొట్టం లేకపోతే పిల్లలు ఇంజనని గుర్తుపట్టరని జ్ఞానప్రసూనాంబ గారు ఖండించారు. ఎరుపూ పసుపూ రంగులేశారు. పక్కన నల్లరాతి ఫలకం మీద చరిత్ర చెక్కించాం. అందులో రెండు సంఘాల సభ్యుల పేర్లు నలభై ఆరు, నా పేరు పెద్ద అక్షరాల్లో ఒకటి. కింద చోటు చాలక ఇంజను పేరు వెయ్యలేదు.

ప్రారంభోత్సవం రోజున ఇక్బాల్ గారికి శాలువా కప్పాం. సన్మాన పత్రం నేనే రాశాను. ‘ఇంజనే ఊపిరిగా బతికిన మహనీయులు’ అన్న చోట చప్పట్లు ఆగలేదు. రెండు మాటలు మాట్లాడమని బలవంతం చేస్తే ఆయన మైకు ముందుకు వచ్చి, దాన్ని కాస్త దూరం జరిపారు.

“అందరికీ నమస్కారమండీ. ఇరవై రెండేళ్లు ఆ ఇంజను రోజుకి రెండుసార్లు ఈ దారినే ప్యాసింజరు లాగిందండీ. ఆ రైలెక్కినవాళ్లు ఓసారి చెయ్యెత్తుతారా అండీ? చూడాలనుందండీ.”

పందిట్లో ఐదారొందల మంది ఉన్నాం. బుల్లిరాజు గారు వేదిక మీద వాచీ చూసుకున్నారు. జ్ఞానప్రసూనాంబ గారు వెనకున్నవాళ్లు ఎత్తుతారేమోనని వెనక్కి తిరిగి చూశారు. వెనకవాళ్లు ఇంకా వెనక్కి చూశారు. నేను పెన్ను కిందపడిందని వంగి, చాలాసేపు వెతికాను. ఇక్బాల్ గారు అందరినీ ఒక వైపు నుంచి రెండో వైపు దాకా నింపాదిగా చూసి, “సరేనండీ, సెలవండీ” అని దిగిపోయారు. హాజరైనవారందరూ ఆ రైలు ప్రయాణాన్ని గుండెల్లో పదిలపరచుకున్నట్టు నేను మినిట్సులో రాశాను. దానికి కూడా అభ్యంతరం రాలేదు.

మీరూ కార్లో అటు వెళుతూ ఆగుతారు, ఆగి ఫొటో దిగుతారు, ఆగకుండా ఎవరూ వెళ్లడం లేదు. సాయంత్రాలు ఆయన అక్కడే సిమెంటు చక్రం మీద కూర్చుని ఉంటారు. మిమ్మల్నీ అడుగుతారు, ఆ రైలెక్కారా అని. ఎక్కామని చెప్పేద్దామనుకుంటున్నారేమో, వద్దు. టిక్కెట్టు ఎంతుండేదో చెప్పమంటున్నారు.